వించికి నీలం రంగు

కూతురి కాన్పుకని బెంగుళూరు పోయిన ఖమర్‌బీ మూడు నెలల తర్వాత పులివెందులలో బస్సు దిగి ఇంటికొచ్చింది. వచ్చి, వాకిట్లో నిలబడి, తన జీపును తానే గుర్తుపట్టలేకపోయింది.

రేకుల పందిరి కింద ఉండాల్సింది రంగు పోయిన ముసలి జీపు. దాని వెనక, బోరు మోటార్లు పైకెత్తే మసిపట్టిన వించి. ఇప్పుడు అక్కడున్నది నీలం బండి. తలుపులు నీలం, చక్రాల బోల్టులు నీలం, తీగతాడు చుట్టుకునే డ్రమ్ము నీలం, లివరు నీలం. పక్కనే భర్త షాహుల్ ఉతికిన చొక్కా వేసుకొని, ఎట్లుంది అన్నట్టు చూస్తూ నిలబడినాడు.

ఎట్లుందో ఆమె చెప్పలేదు. సంచి కింద పెట్టి నేరుగా వించి దగ్గరికి పోయింది. గ్రీజు ఎక్కించే మొనలు ఆరు ఉండాలి. వేలితో తడిమి చూస్తే ఆరింటి మీదా రంగు పేరుకొని గట్టిపడి ఉంది. లివరు పట్టుకొని లాగింది. కదల్లేదు. కాలు అడ్డం పెట్టి లాగింది. అయినా కదల్లేదు.

"గ్రీజేం చేసినావు?" అని అడిగింది.

"ఆ మురికా? కిరసనాయిలు పెట్టి రుద్ది, సర్వీసింగు షెడ్డుకు తోలకపోయి నీళ్ళు కొట్టించినా. ఏండ్లనాటి మురికిమే అది."

"అది మురికి కాదప్పా. మా నాయన కాలం నుంచి పూస్తాన్న గ్రీజు."

ఆమె నాయన హబీబుల్లా ఆ జీపును వేలంలో కొని తెచ్చినప్పుడు ఖమర్‌బీకి పన్నెండేండ్లు. బోరుబావిలో దించిన మోటారు చెడిపోతే, పైపులతో సహా పైకి తియ్యడం ఆయన వృత్తి. ఆయనకు మగపిల్లలు లేరు. పానాలు అందించేదానికి కూతురినే ఎంట తీసకపోయేవాడు. అప్పట్లో నూటేబై అడుగులకే నీళ్ళు. తర్వాత మూడొందలు, తర్వాత ఆరొందలు. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఆయన మోకాళ్ళు అరిగిపోయినాయి. ఆ సరికి ఆమెకు పెండ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టి, షాహుల్ ఒక సేటు ఇంట్లో డ్రైవరు పనికి కువైట్ పోయినాడు. నాయన మంచం పట్టినాక లివరు ఆమె చేతికొచ్చింది. ఆడమనిషి బోరు మోటారు ఎత్తేదేందని ఒక ఏడాది నవ్వినారు. చీనీ, అంటే బత్తాయి, తోటలు ఎండే కాలం వచ్చేసరికి నవ్వినోళ్ళే ఫోన్లు చేసినారు. ఆమె గోళ్ళ సందుల్లో నలుపు ఎప్పుడూ పోదు. పెండ్లిళ్ళకు పోయే ముందు రోజు బట్టల సోడాతో రుద్దుకుంటుంది, అయినా సగమే పోతుంది.

షాహుల్ పదిహేడేండ్లు అక్కడ చేసి, ఇక చాలని పోయిన ఏడాది తిరిగొచ్చినాడు. మంచివాడే. తాగడు, పొగ కూడా అలవాటు లేదు, మాట తూలడు. కాకపోతే ఏ పనికి చెయ్యి పెట్టినా "కువైట్‌లో అయితే" అని మొదలుపెడతాడు. ఆ మాట వినీ వినీ ఆమెకు చెవులు దిబ్బళ్ళు పడినాయి. ఆమె బెంగుళూరులో ఉన్నన్నాళ్ళూ ఫోనులో, నీకొక బహుమానం చేసి పెడుతున్నా, వచ్చినాక చూద్దువులే అన్నాడు. ఆమె బంగారమనుకోలేదు గానీ, చీరేమో అనుకుంది.

వించి పనితీరు తెలిస్తే ఆమె కోపం అర్థమవుతుంది. ఇంజను తిప్పితే వించి షాఫ్టు తిరుగుతుంది. ఆ షాఫ్టు మీద, డ్రమ్ము పక్కన, అరచేతంత వెడల్పున్న ఇనప ముక్క ఒకటుంటుంది. క్లచ్ అంటారు. దాని అంచుకు పళ్ళుంటాయి. లివరు లాగితే అది షాఫ్టు మీద జారిపోయి డ్రమ్ము పళ్ళను కరుచుకుంటుంది. అప్పుడు డ్రమ్ము తిరిగి, తీగతాడు చుట్టుకొని, బోరులోని పైపు పైకి లేస్తుంది. ఆ జారేదానికి గ్రీజు కావాలి. షాహుల్ గ్రీజంతా కడిగేసి, నీళ్ళు తాగించి, పైన రంగేసి మూసినాడు. ఆ వెంటనే తుపాను వానలు పట్టినాయి. రంగు కింద తుప్పు పుట్టి, క్లచ్ షాఫ్టుకు అతుక్కుపోయింది. ఇప్పుడు ఇంజను ఎంత తిప్పినా డ్రమ్ము కదలదు.

ఆ సాయంత్రమే అనంతకృష్ణ సారు ఫోను చేసినాడు. ఆయన ఖమర్‌బీకి ఏడో తరగతిలో లెక్కలు చెప్పిన అయ్యవారు. రిటైరయినాక ఇడుపులపాయ దావలో మూడెకరాల చీనీ తోట చూసుకుంటున్నాడు. తోటలోని ఒకే ఒక్క బోరు మోటారు ఆగిపోయింది. చెట్లు పిందె మీదున్నాయి. మోటార్లెత్తే బండ్లు ఏవీ పది దినాల వరకు ఖాళీ లేవు. ట్యాంకరుతో చెట్టుకు రెండు బిందెలు పోయిస్తున్నానని, ఆమె ఊర్నుంచి వచ్చిందని తెలిసి ప్రాణం లేచొచ్చిందని చెప్పినాడు. వించి పట్టేసిందని చెప్పే ధైర్యం ఆమెకు చాల్లేదు. రెండు దినాలు ఓపిక పట్టండి సార్ అనింది.

మరుసటి దినం పొద్దున్నే ఆమె బ్లేడు, దబ్బనం పట్టుకొని కూర్చుంది. మొనల మీది రంగును దబ్బనంతో పొడిచి పొడిచి తీసింది. షాఫ్టు మీది రంగును బ్లేడుతో గీకింది. డీజిలు సగం, గేరాయిలు సగం కలిపి క్లచ్ చుట్టూ పోసి, ఇత్తడి సుత్తితో చుట్టూరా మెల్లగా తట్టుతూ కూర్చుంది. ఇత్తడైతే ఇనుముకు గాయం చెయ్యదు. తట్టు తట్టుకూ నూనె సందులోకి దిగాలి. ఇది గంటల పని.

ఆ గంటల్లో వీధి వీధంతా వచ్చిపోయింది. పక్కింటి షరీఫా చింతపండు రసం పొయ్యమనింది. ఎదురింటాయన కూల్‌డ్రింకు పొయ్యమన్నాడు, తన స్కూటరు బోల్టు దాంతోనే వచ్చిందట. ఎవరో ఫోనులో వీడియో పెట్టి ఆమె ముక్కు దగ్గర పట్టుకున్నారు. అందులో ఒక తెల్లవాడు ఇంతకంటే చిన్న ముక్కను ఇంతకంటే పెద్ద మిషనుతో లాగుతున్నాడు. షాహుల్ బజారుకు పోయి తుప్పు వదిలించే స్ప్రే తెచ్చినాడు. కువైట్‌లో ఇది కొడితే తలుపు బందులు కూడా కిర్రుమనకుండా తిరుగుతాయని చెప్పి కొట్టినాడు. అది నేరుగా ఆమె కంట్లో పడింది.

కండ్లు కడుక్కొని వచ్చేసరికి సారు మళ్ళీ ఫోను. పొద్దున్నుంచి అది నాలుగోది. ఈ తడవ ఆయన లివరు పొడుగు రెండింతలు చేస్తే బలం ఎంత పెరుగుతుందో వివరించినాడు. "సార్, ఇది లెక్క కాదు, తుప్పు" అని ఆమె మర్యాదగానే చెప్పింది. మర్యాదగా చెప్పడానికి శానా కష్టపడింది.

షాహుల్ పెద్ద సుత్తి తెచ్చి, ఒక్కటిస్తే వదుల్తుందన్నాడు. ఆ సుత్తి దగ్గరికి తెచ్చినావంటే నిన్నే కొడతానని ఆమె చెప్పింది. తర్వాత ఫోర్కు మీది రంగు గీకబోయింది. లివరు చివర రెండు చెవులతో క్లచ్‌ను పట్టుకొని జరిపేదాన్ని ఫోర్కు అంటారు. బ్లేడు దాని మీద పెట్టగానే షాహుల్ ముందుకొచ్చినాడు. దాన్నెందుకు గీకేది, అది బాగానే ఉంది కదా, ఆ రంగు అట్లనే ఉండనీ అన్నాడు. ఆమెకు వాదించే ఓపిక లేక వదిలేసింది.

రెండోనాడు వెల్డింగు మక్బూల్ గ్యాసు సిలిండర్లతో వచ్చినాడు. క్లచ్‌ను మాత్రమే కాల్చాలి, షాఫ్టుకు సెగ తగలకూడదు. క్లచ్ వేడెక్కి వెంట్రుక వాసి వ్యాకోచిస్తే ఆ సందులోకి మైనం కరిగించి దించొచ్చు. మక్బూల్ మంట పెట్టినాడు. నీలం రంగు బుడగలు లేచి, మాడి, వాసనేసింది. మంట పక్కకు తగిలి ఫోర్కు మీది రంగు కూడా పొరలు పొరలుగా లేచింది. దాంతో పాటు బఠాణీ గింజంత ముద్ద ఒకటి ఊడి కింద పడింది.

మక్బూల్ మంట ఆర్పి, దాన్ని కాలితో దొర్లించి చూసినాడు. "అక్కా, ఇది రంగు కాదు, లప్పం" అన్నాడు.

ఖమర్‌బీ వంగి చూసింది. ఫోర్కు ఎడమ చెవి మీద, లప్పం ఊడినచోట, పై నుంచి కింద దాకా పగులు. పగులు అంచుల్లో సుత్తి దెబ్బల గుర్తులు మూడు. మక్బూల్ ఆ ఇద్దరి మొహాలూ చూసి, ఎండ శానా ఉంది, టీ తాగొస్తానని బయటికి పోయినాడు.

"ఎప్పుడు కొట్టినావు?" అని ఆమె అడిగింది.

షాహుల్ తల వంచుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పినాడు. ఆమె బెంగుళూరు పోయిన నెలకు రాజుపాలెం నుంచి ఒకరు మోటారు ఎత్తాలని ఫోను చేసినారట. ఖమర్‌బీ లేదని చెప్పకుండా వస్తానన్నాడట. ముందు దినం బండి కడిగించి, పొద్దున లివరు లాగితే గ్రీజు లేక రాలేదట. పెద్ద సుత్తితో కొట్టినాడట. చెవి పగిలిందట. తనకు జ్వరమని ఆ మనిషికి అబద్ధం చెప్పి, లప్పం పెట్టి, కనపడకుండా రంగేసినాడట. ఫోర్కు ఒక్కదానికే రంగేస్తే తెలిసిపోతుందని వించికి వేసినాడు. వించికి మాత్రమే వేస్తే బాగలేదని జీపు మొత్తానికి వేసినాడు.

"అడిగింటే నేను ఫోనులో చెప్తాంటి కదా. ఒక్క మాట అడిగేదానికి ఏమొచ్చె నీకు?"

"పదిహేడేండ్లు ఒకరి బండి తోలితిని. ఈడికొస్తే అందరూ ఖమర్‌బీ మొగుడు అంటారు. ఒక్క మోటారన్నా నేను ఎత్తుదామనుకుంటిమే."

ఆమె కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. బండి పాడు చేసినోడి మీద కోప్పడడం సులభం. ఇట్లా తల వంచుకొని నిలబడినోడి మీద కోప్పడితే ఆ కోపం ఎక్కడికీ పోదు. ఆమె లోపలికి పోయి నీళ్ళు తాగి, తిరిగొచ్చి మక్బూల్‌ను కేకేసి పని మొదలుపెట్టించింది. ఆ దినమంతా షాహుల్‌తో మాట్లాడలేదు. మైనం దించినారు, పుల్లరు బిగించి లాగినారు. క్లచ్ డ్రమ్ము వైపు నూలుపోగంత కూడా రాలేదు.

మూడోనాడు పొద్దున ఆమె ఒక్కతే వించి ముందర కూర్చుంది. రెండు దినాలుగా తామంతా దాన్ని డ్రమ్ము వైపే లాగుతున్నారు. ఆ వైపు షాఫ్టు రెండు నెలలు బయటికుండి తుప్పు పట్టింది. వెనక వైపు, బేరింగు దిక్కు, వేలెడు జాగా ఉంది. పుల్లరు విప్పి, ఇత్తడి ముక్క అడ్డం పెట్టి, వెనక్కి కొట్టింది. ఏడో దెబ్బకు చప్పుడు మారింది. గట్టి చప్పుడు పోయి కొంచెం బోలుగా వినిపించింది. మళ్ళీ ముందుకు తట్టింది, మళ్ళీ వెనక్కి. నూనె పోసింది. సందులోంచి ఎర్రటి తుప్పు బురద బయటికి కారింది. వచ్చిన కొద్దీ గుడ్డతో తుడుస్తూ, ముందుకు రవ్వంత వెనక్కి రవ్వంత జరుపుతూ, మధ్యాన్నం పన్నెండు గంటలకు ఆ ముక్కను షాఫ్టు మీంచి పూర్తిగా బయటికి తీసింది. అది ఒళ్ళో పడ్డప్పుడు ఆమెకు సంతోషం కలగలేదు. నడుం పట్టేసింది, అంతే.

చూస్తే క్లచ్ పళ్ళు బాగానే ఉన్నాయి. దాన్ని షాఫ్టుతో కలిపి తిప్పే కీ, అంటే వేలంత ఇనప పలక, తుప్పు పట్టి సగం అరిగిపోయింది. ఫోర్కు పనికిరాదు. పులివెందుల లేతు షాపాయన ఫోర్కు చూసి, ఈ పాత సామాను పారేసి కొత్త వించి కొనుక్కోమని సలహా ఇచ్చి తన పనిలో పడినాడు. అప్పుడు షాహుల్ నోరు తెరిచినాడు. జమ్మలమడుగులో పాత ఇనుము అమ్మే ఒకాయన తనకు కువైట్‌లో పరిచయమని, అతని దగ్గర ఇలాంటి వించి మొత్తం ఉందని, తన కండ్లతో చూసినానని చెప్పినాడు. నమ్మాలనిపించకపోయినా ఆమె నమ్మింది.

మరుసటి దినం క్లచ్, ఫోర్కు, కీ గోనెసంచిలో కట్టుకొని ఇద్దరూ ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు బస్సెక్కినారు. ఆడోళ్ళకు ఉచితం కాబట్టి ఆమె ఆధారు కార్డు చూపించి కూర్చుంది. షాహుల్‌కు టికెట్టు కొట్టి, ఈ సంచిలో ఏముందని కండక్టరు అడిగి, దానికీ ఒక టికెట్టు కొట్టినాడు. షాహుల్ ఆయనతో వాదించబోతే ఆమె మోచేత్తో పొడిచింది.

జమ్మలమడుగులో ఆ పాత ఇనుము ఆయన షాహుల్‌ను కౌగిలించుకున్నాడు, టీ తెప్పించినాడు, కువైట్ సంగతులు అరగంట మాట్లాడినాడు. వించి మాటెత్తితే, అదా, పోయిన నెల తూకానికి అమ్మేసినానే అన్నాడు. షాహుల్ ఆమె వైపు చూడలేదు. ఆమె సంచి ఎత్తుకొని బస్టాండు దారి పట్టింది. షాహుల్ ఎనకనుంచి పరిగెత్తుకొచ్చి సంచి తన చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని మాత్రం ఆమె ఇచ్చింది.

ఇద్దరూ ప్రొద్దుటూరు బస్సెక్కినారు. అక్కడ ఆమె నాయన కాలం నుంచి తెలిసిన లేతు షాపు ఒకటుంది. ఇప్పుడు జాఫర్ నడుపుతున్నాడు. అతను సామాను మూడూ బల్ల మీద పరిచి, ఈయనెవరక్కా అని అడిగినాడు.

"మా ఇంటాయన. ఫోర్కు పగలగొట్టింది ఈయనే" అనింది ఖమర్‌బీ.

జాఫర్ నవ్వు ఆపుకున్నాడు. పోత ఇనుము ఫోర్కుకు అతుకేస్తే నిలవదని, మందపాటి ఉక్కు పలక కోసి కొత్తది చేస్తానని చెప్పినాడు. క్లచ్ లోపల తుప్పు తీసేంత వరకే కోత పెడతాడు. కీ మాత్రం మిషను మీద అయ్యే పని కాదు. కొంచెం పెద్దదిగా కోసిస్తాడు, దాన్ని క్లచ్ గాడికి సరిపోయేటట్టు చేత్తో ఆకురాయి పట్టాలి. ఆ పనికి మనిషి లేడు. సాయంత్రం దాకా ఆగితే తానే చేస్తానన్నాడు.

షాహుల్ ఆకురాయి తీసుకొని స్టూలు మీద కూర్చున్నాడు. ఖమర్‌బీ అడ్డు చెప్పబోయి, ఏమైతే అయిందని ఊరుకుంది. నాలుగు తడవలు రుద్దడం, గాడిలో పెట్టి చూడడం, మళ్ళీ నాలుగు తడవలు రుద్దడం. గంట గడిచింది. రెండు గంటలు గడిచినాయి. ఒక్కసారి కూడా లేవలేదు, తొందరపడలేదు. సేట్ల ఇండ్ల ముందర కారులో పదిహేడేండ్లు కాచుక్కూచున్న మనిషి. పెండ్లయినప్పటి నుంచి ఆయనలో ఈ గుణం ఆమె చూడలేదు. చూసేంత కాలం ఆయన ఆమె దగ్గర ఉన్నదెక్కడ. చివరికి కీ గాడిలో పెట్టి బొటనవేలితో నొక్కితే, అటూ ఇటూ కదలకుండా దిగింది. జాఫర్ తీసి చూసి, మళ్ళీ పెట్టి, తల ఊపినాడు. మా షాపులో పనికొస్తావా మామా అని అడిగినాడు. షాహుల్ ఏదో చెప్పబోయినాడు. అది "కువైట్‌లో" అనే మాటతోనే మొదలైంది. ఆమె సంచి సర్దుకుంది.

ఇంటికొచ్చి, షాఫ్టును ఎమరీ కాగితంతో అద్దం లాగా రుద్ది, అన్నీ బిగించి, ఆరు మొనల్లో గ్రీజు పట్టించేసరికి ఇంకో దినం పోయింది. రెండు దినాలని చెప్పిన పని ఆరో దినానికి వచ్చింది. లివరు లాగితే క్లచ్ జారిపోయి డ్రమ్మును టక్కున కరుచుకుంది. తోస్తే వదిలేసింది. ఖమర్‌బీ ఇరవైసార్లు లాగి తోసింది. ఎట్లుందని షాహుల్ అడగలేదు.

సారు తోటలో ముప్పై పైపులు ఎత్తాలి. పైపులు విప్పే ఇద్దరు మనుషులు ఒక పక్క, లివరు దగ్గర ఆమె, బోరు మూతి దగ్గర పైపు జారకుండా క్లాంపు బిగించేదానికి షాహుల్. సారు గొడుగేసుకొని లెక్కపెడుతున్నాడు. తొమ్మిదో పైపు దాకా నిదానంగా సాగింది. పదో పైపు దగ్గర షాహుల్ పైకి చూస్తూ, కొంచెం ఎత్తు, ఇంకొంచెం, చాలు చాలు, కాదు ఇంకొంచెం అని చెప్పడం మొదలుపెట్టినాడు. పదకొండుకూ చెప్పినాడు. పన్నెండుకు ఆమె ఇంజను ఆపేసింది.

"నువ్వు క్లాంపు సూడు. ఎత్తేది నేను సూసుకుంటా."

ఆయన తల వంచి క్లాంపు చూసుకున్నాడు. ఇరవైయ్యో పైపు దాటినాక ఆమెకు భుజం పట్టేసింది. కొంచెంసేపు చూసి, షాహుల్‌ను పిలిచి లివరు దగ్గర నిలబెట్టింది. తాను క్లాంపు దగ్గరికి పోయింది. చెయ్యి మెల్లగా లాగు, క్లచ్ కరుచుకున్నాకే ఎక్సలేటరు ఇయ్యి, అంతకు మించి ఏమీ చెయ్యొద్దని చెప్పింది. మొదటి పైపుకు ఆయన లివరు గబుక్కున లాగినాడు. తీగతాడు ఒక్కసారి జర్కు కొట్టి, ఆమె క్లాంపు గట్టిగా పట్టుకుంది. రెండోది సరిగ్గా లేచింది. ముప్పైయ్యో పైపు వెనకే మోటారు బురద కారుతూ బయటికొచ్చింది. అప్పుడు కూడా లివరు ఆయన చేతిలోనే ఉంది. సారు లెక్క ఇరవైతొమ్మిదే వచ్చింది. ఎక్కడో తప్పిందని ఆయన పైపులన్నీ మళ్ళీ లెక్కపెట్టబోతే, మోటారు వచ్చింది కదా సార్, ఇంకెందుకని ఆమె వారించింది.

మోటారు లోపల వైండింగు కాలిపోయింది. దాన్ని వేంపల్లెకు పంపి చుట్టించుకొని, మూడో దినం మళ్ళీ దించినారు. స్విచ్చేస్తే మొదట గాలి, తర్వాత ఎర్రమట్టి నీళ్ళు, పది నిమిషాలకు తెల్లటి నీళ్ళు పడినాయి. సారు చెప్పులు విడిచి కాలవలో నిలబడినాడు. షాహుల్ పైపు మూతి కింద చేతులు పెట్టి, నీళ్ళెంత చల్లగున్నాయో ఎవరూ అడగకుండానే సారుకు చెప్తూ ఉన్నాడు.

అప్పటికే మోటారెత్తాలని వల్లూరు నుంచి రెండు ఫోన్లొచ్చినాయి. ఖమర్‌బీ తాళ్ళు, పానాలు జీపులోకి ఎక్కించి, స్టీరింగు దగ్గర కూర్చొని హారను కొట్టింది. షాహుల్ చెయ్యి ఊపి, వస్తానన్నాడు గానీ రాలేదు. రెండోసారి కొట్టింది. మూడోసారి గట్టిగా కొడితే, తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.